టమాట పంచాయితీ

పదకొండున్నర దాటింది. ఇంజక్షన్ పుణ్యమా అని ఈయన ఇప్పుడే నిద్రపోయారు. కిడ్నీలో రాయి 5 ఎంఎం ఉందట, నీళ్ళు బాగా తాగితే దానంతటదే పడిపోవచ్చన్నాడు డాక్టరు. ఆ టెన్షన్ అక్కడికి తీరింది. నన్ను పడుకోనివ్వనిది వదిన ఫోను.

"మా వంశంల ఎవ్వలికి లేదు. పప్పుల టమాట, చారుల టమాట, ఆఖరికి కోడిగుడ్డుల కూడ టమాటనే ఏస్తివి. రాళ్ళు గాక ఇంకేమైతయి?"

స్పీకర్ పెట్టి మరీ అన్నది. పక్కన అత్తమ్మ దగ్గు వినబడుతూనే ఉంది. టమాటలో రాళ్ళు కట్టించే ఆక్సలేట్ తక్కువే. ఉంటే గింటే పాలకూరలో ఉంటుంది, వదిన వచ్చినప్పుడల్లా అడిగి చేయించుకునేది ఆ పాలకూర పప్పే! ఆ మాట అనొచ్చు కదా? "అట్లనా వదినా" అని పెట్టేశాను. కోపమంతా గిన్నెల మీద పడింది.

తోముతుంటే గుర్తొచ్చింది, రీలు డబ్బా.

పెళ్ళయిన కొత్తలో పరకాల ఇంట్లో అల్మారా సర్దుతుంటే దొరికింది. నల్లటి కెమెరా రీలు డబ్బా, లోపల దూదిలో జొన్నగింజంత గరుకు రాయి. మామయ్య చేతిలోకి తీసుకొని బంగారం చూపించినట్టు చూపించారు. అర్ధరాత్రి నడుములో లేచి గజ్జల్లోకి దిగిన నొప్పి, వాకిట్లో పొర్లడం, తెల్లారి మొదటి బస్సు, కండక్టర్ జాలిపడి ఇంజన్ పక్కన కూర్చోబెట్టడం, హన్మకొండ వచ్చేదాకా కిటికీ ఊచ వదలకపోవడం. తర్వాత నెలరోజులు కొండపిండాకు కషాయం. "కొండనే పిండి చేసే ఆకు, రాయెంత?" అనేవారు. దాంతోపాటు తాగిన చెంబులకొద్దీ నీళ్ళకు మాత్రం పేరు రాలేదు, పాపం. ఈ కథ వదిన నాకంటే ఎక్కువసార్లు విన్నది. వంశంలో లేదట!

ఇక ఫోన్ పట్టుకొని చదవడం మొదలుపెట్టా. 2005లో అమెరికాలో కవలల మీద చేసిన అధ్యయనంలో, రాళ్ళు కొందరికే ఎందుకొస్తాయన్న తేడాలో 56 శాతం వారసత్వానిదేనని లెక్కతేలిందట. మూత్రంలోకి క్యాల్షియం ఎక్కువ వదిలే గుణం కూడా కుటుంబాల్లో నడుస్తుందట. వదినకు పెద్ద మెసేజ్ టైప్ చేశా. డబ్బా ఫొటో కూడా ఉంటే ఎంత బాగుండు.

పంపబోతుంటే మిగతా 44 గుర్తొచ్చింది. ఆ లెక్క జనం మొత్తానిది, ఒక్క మనిషికి అట్లా పంచి చూడొద్దని తెలుసు, అయినా మనసు ఊరుకుంటుందా? ఉప్పు ఎక్కువైతే మూత్రంలో క్యాల్షియం పెరుగుతుందట. మా ఇంట్లో మామిడికాయ తొక్కు లేని ముద్ద లేదు. పెట్టింది నేనే. ఎండలో బండి మీద తిరిగొచ్చి నీళ్ళు ముట్టనిది మాత్రం ఆయన.

సరే, వంశానిదే అని నేను గెలిచాననుకుందాం. చిన్నోడిది తాత ముక్కు, తాత నడక.

లేచి వాడి స్కూల్ బ్యాగ్ తెరిచి చూశా. పొద్దున నింపిన నీళ్ళ బాటిల్ నింపినట్టే ఉంది.

మెసేజ్ చెరిపేశా. పాలకూర మాట ఒక్కటి ఉంచా.