అచ్చులోంచి ఒక్కసారే బయటికి వచ్చిన కార్లు

బరంపురం నుంచి గోపాలపూర్ వెళ్ళే దారిలో, సముద్రం ఇంకా కనిపించకుండా గాలి మాత్రమే తెలిసేచోట, మా నాన్నగారు మొదలుపెట్టిన ఫైబర్ బోట్ల షెడ్డు ఉంది. ఇంట్లోనూ షెడ్డులోనూ తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుతూ పెరిగిన నేను ఈ పనిని నిజంగా నేర్చుకున్నది 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మా తీరాన్ని దాటిన తరువాత. అప్పుడు రెండుగా, మూడుగా విరిగిన బోట్లను నెలల తరబడి అతికాము. కొన్నేళ్ళ తరువాత, బోటుకు బయటి నున్నని పొరగా పూసే జెల్ కోటు ఎండకు ఎందుకు నెర్రెలు విడుస్తుందో తెలుసుకోవాలని చదువుతుండగా, బాడీ మొత్తం ఫైబర్‌తో చేసి ఫ్యాక్టరీ నుంచి వరుసగా విడుదల చేసిన తొలి కార్లలో ఒకటైన, అమెరికాలోని జనరల్ మోటార్స్ కంపెనీ షెవర్లే విభాగం చేసిన కార్వెట్ సంగతి తెలిసింది. అయితే అప్పటినుంచి నన్ను వదలకుండా పట్టుకున్నది కార్వెట్ కాదు. అదే కంపెనీలో, అదే విధంగా పుట్టి, వేలాది జనం ముందు నిలబడి, ఆపైన ఒక్కటి కూడా అమ్మకానికి రాకుండా ఆగిపోయిన దాని తోబుట్టువులే నా మనసులో నిలిచిపోయాయి.

ఆ కార్లు అంత త్వరగా ఎలా పుట్టాయో మా పని తెలిసినవారికి సులభంగా అర్థమవుతుంది. ఉక్కు రేకుతో కారు బాడీ చేయాలంటే ప్రతి భాగానికీ రేకును ఆకారంలోకి నొక్కే బరువైన ఉక్కు డైలు చెక్కించాలి. వాటిమీద పెట్టిన సొమ్ము వేలకొద్దీ, లక్షలకొద్దీ రేకులు నొక్కితే తప్ప తిరిగి రాదు. ఫైబర్‌కు ఆ భారం లేదు. జనరల్ మోటార్స్‌లో కార్ల రూపకల్పన విభాగానికి పెద్దగా ఉన్న హార్లీ ఎర్ల్ తన వాళ్ళ చేత కారును ముందు పూర్తి పరిమాణంలో బంకమట్టితో చేయించేవాడు. దాని మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీసి, ఆ అచ్చులో గాజునార పరచి, రెజిన్ అనే జిగురు పట్టించి, గట్టిపడ్డాక ఊడదీస్తే బాడీ చేతికి వస్తుంది. మేము బోటు చేసేదీ ఇలాగే: అచ్చుకు మైనం రాస్తాము, జెల్ కోటు పూస్తాము, గాజునార చాప అయిన మ్యాట్‌ను పొర మీద పొర వేస్తూ రోలరుతో గాలిబుడగలు నొక్కేస్తాము. ఒక్కటి చేయడానికి ఇంతకంటే తేలిక దారి లేదు, వేలకొద్దీ చేయడానికి మాత్రం ఇది చాలా నెమ్మదైన దారి. ఈ రెండు సంగతులూ ఆ కార్ల జాతకంలో మొదటినుంచీ ఉన్నాయి.

1953 జనవరిలో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో, మోటరామా అనే జనరల్ మోటార్స్ ప్రదర్శనలో కార్వెట్ తొలిసారి కనిపించింది. జనం ఉత్సాహం చూసి కంపెనీ వెంటనే పూనుకుంది. అదే ఏడాది జూన్ 30న మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో తొలి కారు బయటికి వచ్చింది, ఏడాది ముగిసేలోగా 300 తయారయ్యాయి. అంటే వేదిక మీది కల రోడ్డెక్కడానికి ఆరు నెలలు కూడా పట్టలేదు. కాబట్టి 1954 మోటరామాలో ఆ సంస్థకే చెందిన మరో మూడు విభాగాలు తలా ఒక రెండు సీట్ల ఫైబర్ కారును నిలబెట్టినప్పుడు, తమ వంతు కూడా వస్తుందని వాటి మీద పనిచేసినవారు ఆశపడి ఉంటారు.

ఆ మూడింటిలో బ్యూక్ విభాగపు వైల్డ్‌క్యాట్ 2 ముందు చక్రాల పైన రెక్కల్లా ఎగిసిన ఫెండర్లతో చూడముచ్చటగా ఉంటుంది; అది ఇప్పటికీ ఫ్లింట్‌లోని స్లోన్ మ్యూజియానికి చెందిన ఆస్తి. పాంటియాక్ బానవిల్ స్పెషల్‌ను రెండు కార్లుగా చేశారు, తల మీద పారదర్శకమైన ప్లాస్టిక్ గోపురం పెట్టారు. నా అభిమానం మాత్రం మూడవదైన ఓల్డ్స్‌మొబైల్ ఎఫ్-88 మీదే. బంగారు రంగు, నోరు తెరిచిన పెద్ద చేపలాంటి ముందుభాగం, వెనక్కి పోయేకొద్దీ ఎక్కడా తెగకుండా సాగే పక్కరేఖ, వీటన్నిటినీ పక్కనపెట్టి దాని లోపల ఉన్నది చూడండి. అది కార్వెట్ చట్రం కొలత మీదే, అంటే ముందు వెనుక చక్రాల మధ్య 102 అంగుళాలతోనే తయారైంది. కానీ అప్పటి కార్వెట్‌లో 150 హార్స్‌పవర్ ఇచ్చే ఆరు సిలిండర్ల ఇంజిను, రెండే గేర్ల ఆటోమేటిక్ ఉండగా, ఎఫ్-88లో 250 హార్స్‌పవర్ ఇచ్చే ఎనిమిది సిలిండర్ల వి-8 రాకెట్ ఇంజిను ఉంది. స్పోర్ట్స్ కారు అన్న పేరుకు ఆ ఏడాది తగినది ఎఫ్-88 అనే నేను నమ్ముతాను.

అది ఎందుకు ఆగిపోయిందో 1954 నాటి లెక్కలే చెబుతాయి. ఆ ఏడాది 3,640 కార్వెట్లు తయారు చేయగా, వాటిలో చాలా భాగం కొనేవారు లేక డీలర్ల దగ్గరే ఉండిపోయాయి. మరుసటి ఏడాది 700 మాత్రమే చేశారు. అదే 1955లో ఫోర్డ్ తన థండర్‌బర్డ్‌ను 16,000కు పైగా అమ్మింది. ఇంట్లో పెద్దవాడే నిలదొక్కుకోలేక తడబడుతున్నప్పుడు, వాడికంటే బలమైన తమ్ముణ్ణి అదే అంగడిలో కూర్చోబెట్టడానికి ఏ యజమాని ఒప్పుకుంటాడు? తప్పు ఎఫ్-88లో లేదు, అది పుట్టిన వరుసలో ఉంది. కార్వెట్‌కు వి-8 ఇంజిను 1955లో దక్కింది. ఎఫ్-88కు మాత్రం రోడ్డు దక్కలేదు.

పదేళ్ళ తరువాత ఇదే కథ మరింత బాధ కలిగించేలా నడిచింది. పాంటియాక్ విభాగంలో ముఖ్య ఇంజినీరుగా ఉన్న జాన్ డెలోరియన్ 1964లో ఎక్స్‌పి-833 అనే రెండు సీట్ల కారును సిద్ధం చేశాడు. దానినే తరువాత బాన్షీ అని పిలిచారు. ఫైబర్ బాడీ, తక్కువ బరువు, పొడవాటి ముక్కు. వెండి రంగుది ఒకటి ఆరు సిలిండర్లతో, తెల్లనిది ఒకటి వి-8తో, మొత్తం రెండు చేశారు. ఇది ప్రదర్శనకు చేసిన బొమ్మ కాదు, తక్కువ ధరకు అమ్మాలనే స్పష్టమైన ఉద్దేశంతో తీర్చిన కారు. కార్వెట్ గిరాకీని కాజేస్తుందన్న భయంతో పైవారు దానిని ఆపేశారు. నాలుగేళ్ళ తరువాత వచ్చిన 1968 కార్వెట్ పక్కన బాన్షీ ఫోటో పెట్టి చూస్తే, నడుము దగ్గర సన్నబడి చక్రాల మీద ఉబ్బే ఆ రూపం ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పనక్కరలేదు. డెలోరియన్ చివరికి సొంత కంపెనీ పెట్టి, ఐర్లండ్ ఉత్తర భాగంలోని బెల్‌ఫాస్ట్ పక్కన 1981లో తన కారును తయారు చేయించాడు. దాని పైకి కనిపించేది రంగు వేయని స్టెయిన్‌లెస్ స్టీలే అయినా, ఆ రేకుల కింద కారును నిలబెట్టినది ఫైబర్ తొట్టి అని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని ఈ పని చేసేవారు అర్థం చేసుకుంటారు.

పెద్దకొడుకైన కార్వెట్‌కు కూడా కోరుకున్న రూపం దక్కడానికి చాలాకాలం పట్టింది. ఇంజినును డ్రైవరు వెనుకకు, కారు మధ్యకు తేవాలని ఇంజినీరు జోరా ఆర్కస్-డంటోవ్ 1960 నుంచే ప్రయోగాత్మకమైన కార్లు కడుతూ వచ్చాడు. వాటిలో అందమైనది తరువాత ఏరోవెట్ అని పేరు పడ్డ కారు: 1973లో పిస్టన్లకు బదులు గుండ్రంగా తిరిగే రోటర్లు నాలుగు ఉన్న వాంకెల్ ఇంజినుతో, పైకి రెక్కల్లా లేచే తలుపులతో కనిపించింది. అదే ఏడాది చమురు సంక్షోభం వచ్చి, ఎక్కువ పెట్రోలు తాగే రోటరీ ఇంజినుకు కాలం లేకుండా చేసింది. తరువాత వి-8 పెట్టి చూశారు. డంటోవ్ 1975లో, దానికి రూపమిచ్చిన విభాగపు పెద్ద బిల్ మిచెల్ 1977లో పదవీ విరమణ చేశాక, ఆ కారు తరఫున గట్టిగా మాట్లాడే మనిషి లేకుండా పోయాడు. మధ్యలో ఇంజిను ఉన్న కార్వెట్ జనం చేతికి 2020 మోడల్‌గా వచ్చింది. డంటోవ్ 1996లోనే మరణించాడు.

మరో అమెరికా కంపెనీ అయిన క్రైస్లర్ వారి ప్రదర్శన కార్లు ఫైబర్‌వి కావు, ఇటలీలోని ట్యూరిన్‌లో గియా సంస్థ చేత్తో కొట్టిన లోహపు బాడీలు, కనుక నాకు వాటితో పరిచయం తక్కువ. అయినా రూపకర్త వర్జిల్ ఎక్స్‌నర్ 1960లో తన పేరులోని అక్షరాలతోనే పేరుపెట్టుకున్న ప్లిమత్ ఎక్స్‌ఎన్‌ఆర్‌ను తలచుకోకుండా ఉండలేను. కారుకు ఎడమ, కుడి పక్కలు ఒకేలా ఉండాలన్న నియమాన్నే వదిలేసి, డ్రైవరు తల వెనుక ఒకేఒక్క రెక్కను నిలబెట్టాడు. ఆ కారు ఇరాన్ షా చేతికి వెళ్ళి, చివరకు లెబనాన్ చేరి, అక్కడి అంతర్యుద్ధ కాలమంతా బీరూట్‌లో దాగి బతికింది. 2012లో అది వేలంలో 9,35,000 డాలర్లు పలికింది. ఎక్స్‌నర్ గీసిన మరో కారు నార్స్‌మన్‌కు ఆ అదృష్టం లేదు. అమెరికాకు తెస్తున్న ఆండ్రియా డోరియా నౌకతోపాటు 1956 జూలై 26న అట్లాంటిక్‌లో మునిగిపోయింది.

ఒకనాడు షెడ్డుకు వచ్చిన ఒక పెద్దాయనకు ఎఫ్-88 బొమ్మ చూపించి, ఇలాంటి కార్లలో చాలా వాటిని ప్రదర్శనలయ్యాక తుక్కు చేయమన్నారని చెప్పాను. ఆయన చాలాసేపు చూసి, "ఇంత బాగా సేసి ఎందుకు ఇరగ్గొట్టమన్నారు బాబూ?" అన్నారు. రోడ్డు మీద నడపడానికి తగిన పరీక్షలు వాటికి జరగలేదని, ఎక్కడైనా ప్రమాదం జరిగితే బాధ్యత కంపెనీ మీద పడుతుందని, నిన్నటి కలను దాచుకోవడానికి చోటు కూడా ఖర్చేనని నాకు తెలిసినంత చెప్పాను. నాకే తృప్తి కలగని జవాబు అది.

ఆ ఆజ్ఞ అన్నిచోట్లా నెరవేరలేదు. 1955 మోటరామాలో కనిపించిన షెవర్లే బిస్కేన్, లసాల్ 2 పేరుతో వచ్చిన, పైకప్పు లేని రెండు సీట్ల రోడ్‌స్టర్, మరో రెండు కార్లు 1950ల చివర మిషిగన్‌లోని వార్‌హూప్స్ అనే పాత సామాన్ల యార్డుకు చేరాయి. నలగ్గొట్టమని చెప్పినా యార్డువారు పూర్తిగా నలగ్గొట్టలేదు. బిస్కేన్ ముక్కలుగా కోయబడి అక్కడే పడి ఉంది. 1980ల చివర జో బోర్ట్జ్ అనే పాత కార్ల సేకరణకర్త వాటిని కొని, ముక్కలన్నిటినీ తెచ్చి, ఏళ్ళ తరబడి అతికించి, బిస్కేన్‌ను మళ్ళీ నిలబెట్టాడు. ఉక్కు కారయితే ముప్పై ఏళ్ళ వానలో తుప్పు పట్టి మట్టిలో కలిసిపోయేది. ఫైబర్ ముక్క ఎన్నాళ్ళయినా ముక్కగానే ఉంటుంది. విరిగిన అంచును పలచగా రుద్ది, రెండువైపులా కొత్త మ్యాట్ వేసి రెజిన్ పట్టిస్తే పాత బలం చాలావరకు తిరిగి వస్తుంది. ఫైలిన్ తరువాత మేము ప్రతిరోజూ చేసినది అదే పని.

ఎఫ్-88 కూడా అలా మిగిలినదే. 2005లో వేలానికి వచ్చినప్పుడు అది 32,40,000 డాలర్లు పలికింది. దాని ఫోటోలు నేను ఎన్నో చూశాను, అన్నీ బయటివైపు నుంచి తీసినవే. నాకు చూడాలని ఉన్నది తలుపు లోపలి తొడుగు విప్పితే కనిపించే వెనుకవైపు. మెరుగు పెట్టని ఆ వైపున మ్యాట్ నారలు, రోలరు వెళ్ళిన దారులు, పొర పలచబడి మళ్ళీ వేసినచోట్లు అలాగే ఉంటాయి. 1954లో ఆ బాడీ వేసినవాడు మూలల దగ్గర మ్యాట్‌ను కత్తిరించి వేశాడా, చేత్తో చింపి వేశాడా అన్నది ఒక్క చూపులో చెప్పగలను.