ఆవగింజంత నిమ్మకాయ

ఈ ఆదివారమంతా ఒక్క నిమ్మకాయతోనే సరిపోయింది. నా స్లాట్ కారు, అంటే ట్రాక్ మీది గాడి వెంట కరెంటుతో పరిగెత్తే బొమ్మ కారు, అంబాసిడర్, 1:32 స్కేలు. అసలు బండి మీద 32 మిల్లీమీటర్లు దీని మీద ఒక్క మిల్లీమీటరు. వైపర్లకు మోటార్ వైండింగ్ షాపులో అడిగి తెచ్చుకున్న రాగి తీగ, హెడ్‌లైట్లకు చిన్న మాత్రల షీటు మీది ప్లాస్టిక్ బుడగలు. అవి తేలిగ్గానే కుదిరాయి. కానీ నెల్లూరు బండికి ముందు నిమ్మకాయ, మిరపకాయలు లేకపోతే ఎట్లా?

లెక్క వేస్తే నిమ్మకాయ ఒకటిన్నర మిల్లీమీటరు కూడా రాలేదు. అంటే చిన్న ఆవగింజ! పోపుల డబ్బాలో ఏరుతుంటే అమ్మ, "ఏందిరా, కారుకు తాలింపు పెడతావా?" అంది. పసుపు రంగు వేసి, ఆకుపచ్చ దారం ముక్కలు చేర్చి బంపరుకు వేలాడదీశా.

ట్రాక్ మీద మొదటి మలుపులోనే కారు అడుగున గాడిలో దూరి ఉండే గైడ్ ముక్క బయటికి లేచి కారు పల్టీ కొట్టింది. సైడు అద్దం ఊడింది. నిమ్మకాయ మాత్రం అట్లాగే ఉంది.