32 బిట్ స్కానర్, 64 బిట్ కంప్యూటర్

ఈరోజు పొద్దంతా స్కానర్‌తోనే సరిపోయింది. నిన్నటిదాకా 32 బిట్ విండోస్ 10లో చక్కగా నడిచిన ఫ్లాట్‌బెడ్, విండోస్ 11కి తగిలించగానే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు వేసుకుని కూర్చుంది. లైటు వెలుగుతోంది, లోపలి బండి కదులుతోంది. యంత్రానికి ఏ లోపమూ లేదు, చిక్కంతా డ్రైవర్‌దే, అంటే విండోస్‌కి ఆ యంత్రంతో మాట్లాడడం నేర్పే సాఫ్ట్‌వేర్‌ది. విండోస్ 11కి 32 బిట్ రకమే లేదు. 64 బిట్ విండోస్ 32 బిట్ కెర్నల్ డ్రైవర్‌ని (విండోస్ మూల భాగమైన కెర్నల్‌లో నడిచేదాన్ని) లోడ్ చేయదు. కంపాటిబిలిటీ మోడ్ ప్రోగ్రామును నమ్మించగలదు గానీ కెర్నల్‌ని కాదు. డ్రైవర్ డిజిటల్ సంతకం తనిఖీ ఆపేసినా ఇదే గతి. సంతకం గొడవ వేరు, బిట్ల గొడవ వేరు.

అందుకని లినక్స్ దారి. ముందుగా డివైస్ మేనేజర్‌లో డీటెయిల్స్ తెరిచి హార్డ్‌వేర్ ఐడీ రాసుకోవాలి: నాలుగేసి అక్షరాల రెండు కోడ్‌లు, ఒకటి తయారీదారుది, ఒకటి మోడల్‌ది. పెట్టె మీది పేరు కన్నా ఇవే నమ్మదగ్గవి. లినక్స్‌లో స్కానర్లను నడిపే సాఫ్ట్‌వేర్ సేన్. దాని జాబితాలో ఈ కోడ్ ఎదురుగా 'కంప్లీట్' లేదా 'గుడ్' అని ఉంటే ధైర్యంగా దిగొచ్చు. 'అన్‌సపోర్టెడ్' అంటే అక్కడే ఆగిపోవడం మేలు. కొన్ని మోడళ్లకు ఫర్మ్‌వేర్ (స్కానర్ లోపల నడిచే ప్రోగ్రాము) ఫైల్ కూడా కావాలి, అది తరచుగా పాత డ్రైవర్ సీడీలో దొరుకుతుంది. ఆ సీడీని పారేయకూడదు.

విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపించే వర్చువల్‌బాక్స్‌లో డెబియన్ అనే లినక్స్ వేశాను: 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్. స్కానర్‌ని వర్చువల్‌బాక్సే నేరుగా లోపలికి అందిస్తుంది కాబట్టి బయటి విండోస్‌కి దాని డ్రైవర్ అక్కర్లేదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే. 'డివైస్ బిజీ' అని మొరాయిస్తే కేబుల్ పీకి, లోపలి లినక్స్‌ని ఆపి, వర్చువల్‌బాక్స్ యూఎస్‌బీ ఫిల్టర్‌లో (ఏ పరికరాన్ని లోపలికి పంపాలో చెప్పే చోట) ఆ రెండు కోడ్‌లు మాత్రమే ఉంచి మిగతా గడులు ఖాళీ చేయాలి. లినక్స్ పూర్తిగా లేచాకే కేబుల్ పెట్టాలి, అదీ హబ్‌కి కాదు, కంప్యూటర్ వెనక పోర్టుకే.

తర్వాతి అడ్డంకి అనుమతులది. సుడోతో (అడ్మిన్ హక్కులతో) వెతికితే స్కానర్ కనిపిస్తోంది, మామూలు యూజర్‌కి కనిపించడం లేదు. యూజర్‌ని 'స్కానర్' గ్రూపులో చేర్చి, లాగౌటై మళ్లీ లాగినయితే తీరింది.

75 డీపీఐలో (అంగుళానికి 75 చుక్కలు) తీసిన మొదటి పేజీ బాగానే వచ్చింది. 300కి పెంచగానే బండి నాలుగు వేళ్లంత మేర పోయి ఆగడం, కాస్త వెనక్కి రావడం, మళ్లీ కదలడం. ఆగిన ప్రతిచోటా బొమ్మలో సన్నని అతుకు. ఏ4 కలర్ పేజీ 300 డీపీఐలో సుమారు 26 ఎంబీ. వర్చువల్‌బాక్స్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ 1.1 కంట్రోలర్ ఉండిపోయింది, దాని వేగం సెకనుకు 12 మెగాబిట్లే. డేటా బయటికి పోక స్కానర్ బఫర్ (తాత్కాలిక నిల్వ) నిండిపోతోంది, బండి ఆగక ఏం చేస్తుంది! 2.0కి మార్చాక ఒకే ఊపులో చివరిదాకా వెళ్లింది. అతుకులు లేవు.