నాలుగుసార్లు చెప్పించారు

నిరుడు మా పిన్ని ఫోన్ చేసి "చదువుకున్నదానివి కదే, కొంచెం తోడు రా" అంటే, లైంగిక దాడి మీద ఫిర్యాదు ఇవ్వడానికి ఒక అమ్మాయికి తోడుగా ఉద్దానం వైపు ఒక పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఊరి పేరు చెప్పను, అమ్మాయి ఎవరో తెలిసేలా రాయడం నేరం కూడా. జీడిపప్పు కార్ఖానాలో పొట్టు తీసే పనికి వెళ్తుంది, అంతవరకు చాలు.

మేం చేరేసరికి రాత్రి ఎనిమిది. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ అడిగాడు, తర్వాత రైటర్, తర్వాత హెడ్డు, ఆ తర్వాత ఎవరో సివిల్ డ్రెస్సాయన. ప్రతి ఒక్కరికీ మొదట్నుంచీ చెప్పాలి, అదీ వరండాలో, ఏదో తగాదా మీద వచ్చినవాళ్ళు చెవులు రిక్కించి వింటుంటే. "ఆ ఏళప్పుడు తోట దారంట ఎందుకెల్లినావు?" "అరవలేదేటి?" వాళ్ళమ్మని పక్కకి పిలిచి, "పెళ్ళి కావలసిన గుంట, పెద్దమనుషుల్లో తేల్చుకోండి" అన్నారు. ఆఖరికి ఆ తోట మా లిమిట్స్‌లోకి రాదన్నారు.

ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాలి, 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలోనూ అదే ఉంది, ఇలాంటి ఫిర్యాదు మహిళా అధికారే రాసుకోవాలి, రాయకపోతే ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ళ దాకా జైలు అన్నాను. "లా చదివినావేటి?" అన్నాడు హెడ్డు. చదవలేదు, వచ్చేటప్పుడు ఆటోలో ఫోన్‌లో చూశాను.

నన్ను ఇప్పటికీ పీకేది వేరే. మొదటిసారి ఆ పిల్ల అంతా చెప్పింది. నాలుగోసారికి సగం మింగేసింది, సిగ్గుపడి కాదు, విసిగిపోయి. రేపు కోర్టులో అవతలి లాయరు పట్టుకునేది సరిగ్గా అదే కదా, అక్కడ చెప్పింది ఇక్కడ ఎందుకు చెప్పలేదు, ఫిర్యాదు ఎందుకు ఆలస్యమైంది అని. స్టేషన్‌లో పోయిన గంటలన్నీ తన ఖాతాలోనే పడతాయి. సమాచారం అందిన 24 గంటల్లో వైద్యపరీక్షకు పంపాలి, ఆ పరీక్ష కోసమే స్నానం చేయకుండా, అవే బట్టలతో అక్కడ కూర్చుంది.

2007లో విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ మహిళలు అత్యాచారం చేశారని పోలీసుల మీదే ఫిర్యాదు చేశారు. 2023లో విశాఖ కోర్టు నిందితులను వదిలేసింది, దర్యాప్తు సరిగ్గా చేయలేదని చెప్పి బాధితులకు పరిహారం మాత్రం ఇమ్మంది. పదహారేళ్ళకి!

పదిన్నరకి పక్క స్టేషన్ నుంచి మహిళా ఎస్సై వచ్చింది. అందరినీ బయటకు పంపేసి, తలుపు దగ్గరకి వేసి, పక్కనే కూర్చుని మొదట అడిగింది "ఏమైనా తిన్నావా?" అని. పిల్ల అప్పటిదాకా ఏడవలేదు, అప్పుడు ఏడ్చింది. తర్వాత అంతా వివరంగా చెప్పింది, నాలుగోసారి మింగేసినవి కూడా. కేసు ఇంకా నడుస్తోంది.

మొన్న సంక్రాంతికి వెళ్తే పిన్ని చెప్పింది, కార్ఖానాలో ఇంకొకామె మేస్త్రీ గురించి స్టేషన్‌కి వెళ్ళాలా వద్దా అని ఈ పిల్లనే అడిగిందట. "ఆ మేడమ్ ఉందో నేదో కనుక్కుని ఎల్లు" అందట.

మేడమ్‌కి ఈలోగా బదిలీ అయిపోయింది. ఆ ఇంకొకామె స్టేషన్‌కి వెళ్ళలేదు.