నడుస్తున్నదాన్నే అడుగుదాం

లినక్స్ సర్వర్ మీద ఏదైనా తేడా కొడితే చాలామంది ముందు సెట్టింగులు రాసి ఉంచే కాన్ఫిగ్ ఫైల్ తెరుస్తారు. నేను ప్రాసెస్ దగ్గరికి, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్ దగ్గరికే వెళ్తాను. మనం ఏం కావాలనుకున్నామో ఫైల్లో ఉంటుంది. ఇప్పుడు మెమరీలో నడుస్తున్న ప్రోగ్రామ్‌కి ఆ సంగతి తెలుసో లేదో దాన్ని అడిగితేనే తేలుతుంది. అడగడానికి కొత్త టూల్ ఏదీ పెట్టుకోనక్కర్లేదు, కమాండ్లు టైప్ చేసే షెల్ ప్రాంప్ట్ చాలు.

ఈ మధ్య మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒక అప్లికేషన్‌తో తంటాలు పడుతోంది. డేటాబేస్ అడ్రస్ మార్చారు, సర్వీస్ రీలోడ్ చేశారు, అయినా అది పాత డేటాబేస్‌కే వెళ్తోంది. "ఫైల్లో కొత్త అడ్రసే ఉందక్కా, పదిసార్లు చూశాను" అంది. ఫైల్ మూసేయమని చెప్పి, పీగ్రెప్‌తో ప్రాసెస్ నంబర్ తీయించాను. ప్రాసెస్‌ల వివరాలు చూపించే ప్రాక్ (/proc) డైరెక్టరీలో ఆ నంబర్ పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది, అందులో ఎన్విరాన్ అనే ఫైల్. ప్రోగ్రామ్‌కి అందిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అంటే పేరు-విలువ జంటలుగా ఉండే సెట్టింగులు, అందులో ఉంటాయి. ఫైల్‌ని తెరమీద చూపించే క్యాట్ కొడితే అన్నీ ఒకదానికొకటి అతుక్కుని కనిపిస్తాయి, ఎందుకంటే వాటి మధ్య ఉండేది కొత్త లైన్ కాదు, నల్ బైట్. టీఆర్ కమాండ్‌తో నల్‌ని కొత్త లైన్‌గా మారిస్తే వరసగా చదువుకోవచ్చు. చదివింది. అక్కడ పాత అడ్రసే ఉంది!

రీలోడ్ అంటే చాలా ప్రోగ్రామ్‌లు తమ కాన్ఫిగ్ ఫైల్ మళ్లీ చదువుకుంటాయి, అంతే. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మాత్రం ప్రోగ్రామ్ మొదలైనప్పుడు చేతికిచ్చినవి. బయటనుంచి వాటిని మార్చడం కుదరదు, రీస్టార్ట్ చేయాల్సిందే. చేసింది, కొత్త డేటాబేస్‌కి కనెక్ట్ అయింది.

ఎన్విరాన్ ఫైల్ గురించి ఇంకో విషయం. అది చూపించేది మొదలైనప్పటి స్థితి. మీ షెల్‌లోనే ఏదైనా ఎక్స్‌పోర్ట్ చేసి, వెంటనే $$ (ఆ షెల్ సొంత ప్రాసెస్ నంబర్) నంబర్ ఫోల్డర్‌లోని ఎన్విరాన్ చూడండి. కొత్త వేరియబుల్ అందులో కనిపించదు. అదే షెల్ నుంచి ఒక స్లీప్ కమాండ్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో మొదలుపెట్టి $! (ఇప్పుడే బ్యాక్‌గ్రౌండ్‌లోకి పంపిన ప్రాసెస్ నంబర్) నంబర్ ఫోల్డర్‌లో చూస్తే కనిపిస్తుంది. ఎన్విరాన్‌మెంట్ ఎలా చేతులు మారుతుందో ఎవరికైనా వివరించాలంటే నేను ఈ రెండు చూపిస్తాను.

ప్రాసెస్‌ని ఫైళ్లుగా చూపించాలన్న ఆలోచన పాతదే. టామ్ కిలియన్ దీన్ని ఎనిమిదో ఎడిషన్ యూనిక్స్‌లో చేసి, 1984లో పేపర్‌గా రాశాడు. లినక్స్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. అక్కడి ఫైళ్లలో చాలావాటి సైజు సున్నా అని కనిపిస్తుంది, తెరిస్తే మాత్రం బోలెడంత సమాచారం. డిస్క్ మీద అవేవీ లేవు, మనం చదివిన క్షణంలో ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ తయారుచేసి ఇస్తుంది. ఇంత అందమైన డిజైన్ నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

షెల్ సంగతికొస్తే, నేను అన్నిటికన్నా ఎక్కువగా వాడేది $?. ఇంతకుముందు నడిచిన కమాండ్ ఎలా ముగిసిందో చెబుతుంది. 0 అయితే సక్సెస్. 127 అంటే ఆ కమాండే దొరకలేదు, 126 అంటే దొరికింది కానీ నడపడానికి వీల్లేదు. సిగ్నల్ (ప్రాసెస్‌కి పంపే సందేశం) వల్ల చచ్చిపోతే 128కి సిగ్నల్ నంబర్ కలుస్తుంది. అందుకే 137 చూడగానే బలవంతంగా చంపే 9వ సిగ్నల్ అనుకుని, మెమరీ చాలక కెర్నల్ చంపిందేమోనని కెర్నల్ సందేశాలు చూపించే డీమెసేజ్ చూస్తాను. అయితే $? ఒక్క కమాండ్ వరకే నిలుస్తుంది. మధ్యలో ఎకో కొట్టినా ఆ ఎకో ఫలితమే మిగులుతుంది. స్క్రిప్టుల్లో వెంటనే ఒక వేరియబుల్‌లో దాచుకోవాలి.

ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని ఇంకోదానికి అందించే పైప్‌లైన్లలో ఇది నిజంగా ప్రమాదకరం, ఎందుకంటే $? చివరి కమాండ్ ఫలితమే చెబుతుంది. డేటాబేస్ డంప్‌ని, అంటే దాని పూర్తి కాపీని, కుదించే జీజిప్‌కి పైప్ చేస్తాం. డంప్ మధ్యలో ఫెయిలైనా జీజిప్ తన పని తాను చక్కగా ముగిస్తుంది, $? సున్నా చూపిస్తుంది. బ్యాకప్ ఉందనే అందరూ నమ్ముతారు. బ్యాష్ షెల్‌లో పైప్‌స్టేటస్ అనే అర్రే ప్రతి భాగం ఫలితాన్నీ విడివిడిగా చెబుతుంది. పైప్‌ఫెయిల్ ఆప్షన్ పెడితే ఏ ఒక్కటి ఫెయిలైనా మొత్తం ఫెయిల్ కిందే లెక్క. బ్యాకప్ స్క్రిప్టులో ఇది లేకపోతే నేను రివ్యూ పాస్ చేయను.

ఒక కమాండ్ ఎక్కడుందో చూడాలంటే విచ్ బదులు టైప్ వాడండి. షెల్ నిజంగా ఏం నడపబోతోందో, అది ఏలియాసో, ఫంక్షనో, బిల్టినో టైప్‌కి తెలుసు.

చివరగా డిస్క్ నిండిపోయే కేసు. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ వంద శాతం అంటుంది, ఫైళ్ల సైజులు కలిపి చెప్పే డీయూ లెక్క మాత్రం అందులో సగం కూడా రాదు. ఎవరో పెద్ద లాగ్ ఫైల్ని డిలీట్ చేసి ఉంటారు, ప్రాసెస్ దాన్ని ఇంకా తెరిచే ఉంచింది. పేరు పోయింది కానీ చోటు ఖాళీ కాలేదు. ఆ ప్రాసెస్ ఫోల్డర్‌లో, అది తెరిచిన ఫైళ్లు నంబర్ల వారీగా ఉండే ఎఫ్‌డీ డైరెక్టరీని ఎల్ఎస్ మైనస్ ఎల్‌తో చూస్తే, ఆ ఫైల్ పేరు పక్కన డిలీటెడ్ అని రాసి ఉంటుంది. లాగ్ కావాలంటే ఆ నంబర్ నుంచే ఇంకో డిస్క్ మీదికి కాపీ చేసుకోవచ్చు, పోయిందనుకున్న ఫైల్ అప్పటివరకు రాసిందంతా వస్తుంది. ఆ తర్వాత అదే నంబర్‌లోకి షెల్ రీడైరెక్షన్‌తో ఖాళీ రాసేస్తే, సర్వీస్ ఆపకుండానే చోటు తిరిగొస్తుంది. కాపీ తీసుకోకముందే రీస్టార్ట్ చేశారో, ఆ లాగ్ ఇక దొరకదు.