కాళ్ల కోసం చేయించిన వెన్ను ఆపరేషన్: నా అనుభవం

పని ఎక్కువై వచ్చే నడుంనొప్పి పడుకుంటే తగ్గుతుంది. నాన్నకి పడుకుంటేనే పెరిగేది. అర్ధరాత్రి లేచి, కుర్చీలో కూర్చుని తెల్లవార్చేవాడు. ఖమ్మంలో చూపించినచోట "వయసు, పైగా లారీ డ్రైవరు, ఇంకేముంటుంది" అని నొప్పి మాత్రలు రాసి, ఒక బెల్టు ఇచ్చి పంపారు. మూడేళ్ల కిందట క్యాన్సర్ వచ్చి ఎడమ కిడ్నీ తీసేశారని అమ్మ చెబుతూనే ఉంది. కిడ్నీ ఒక్కటే ఉన్న మనిషికి ఆ మాత్రలే చేటు అన్న సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు.

మీ ఇంట్లో ఎప్పుడో క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లుంటే, రాత్రిపూట పెరిగే వెన్నునొప్పిని మాత్రలతో నెట్టుకురావద్దు. ఎమ్మారై తీయించండి. రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేట్, థైరాయిడ్, కిడ్నీ క్యాన్సర్లు వెన్నుపూసల్లోకి పాకడం మామూలేనట. మాకు అనుమానం వచ్చింది నొప్పిని చూసి కాదు, చెప్పును చూసి. వీధిలోకి వెళ్లొచ్చిన నాన్న కుడికాలికి చెప్పు లేదు. అది ఎక్కడ జారిపోయిందో ఆయనకే తెలియలేదు. ఆ రాత్రే హైదరాబాద్ బయలుదేరాం.

స్కాన్‌లో డీ8 పూస, అంటే ఛాతీ వెనక వరసలో ఎనిమిదోది, సగానికి పైగా కూలి ఉంది. దాని వెనక నుంచి గడ్డ వెన్నుపామును నొక్కుతోంది. టీబీ కూడా పూసల్ని ఇలాగే తినేస్తుంది కాబట్టి మొదట ఆ అనుమానం కూడా పడ్డారు. టీబీ అయితే సాధారణంగా పూసల మధ్య డిస్క్ కూడా పాడవుతుందని, ఇక్కడ డిస్క్ బాగానే ఉందని, పాత చరిత్ర చూస్తే క్యాన్సరే అయి ఉంటుందని స్పైన్ సర్జన్ అన్నారు. ముక్క ఎలాగూ ఆపరేషన్‌లో తీసి పరీక్షకు పంపుతామన్నారు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇంజక్షన్ వెంటనే మొదలైంది. వాపు తగ్గి కాలికి కాస్త బలం వచ్చింది, షుగరు మాత్రం మూడు వందలు దాటింది. షుగరున్నవాళ్లు దీనికి సిద్ధపడి ఉండాలి.

ఆ డాక్టరుగారు నాన్నని బయటికి పంపకుండా ఆయన ముందే మాట్లాడారు. మా బంధువులకి అది నచ్చలేదు, నాకు నచ్చింది. "పెద్దాయనా, ముందే చెప్తున్నా. ఈ ఆపరేషన్‌తో క్యాన్సర్ పోదు. ఇది మీ కాళ్ల కోసం చేసేది" అన్నారు. తర్వాత రిపోర్టు కవరు వెనక బొమ్మ గీశారు. నరం మీద ఒత్తిడి ఎంతుంది, ఈ రకం గడ్డ రేడియేషన్‌కి లొంగుతుందా, పూస ఒంటి బరువు మోస్తుందా, మనిషి ఆపరేషన్‌కి తట్టుకుంటాడా అన్నవి వాళ్లు చూసుకునేవి. లింఫోమానో మైలోమానో (రక్తకణాల క్యాన్సర్లు) అయితే చాలాసార్లు రేడియేషన్‌తోనే కరిగిపోతుందట. కిడ్నీ గడ్డ మామూలు మోతాదు రేడియేషన్‌కి మొండిది. పూస నిలకడకి 18 మార్కుల లెక్క ఒకటుంది. 13, ఆపైన వస్తే నిలవదని అర్థం. నాన్నకి 14 వచ్చింది.

"వెన్నుకి కత్తి పెడితే మంచాన పడతాడు" అని చిన్నాన్న పట్టుబట్టాడు. మన దగ్గర ఈ భయం లేని ఇల్లు ఉండదు. డాక్టరుగారు 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం గురించి చెప్పారు. 101 మంది రోగులు. ఆపరేషన్, రేడియేషన్ రెండూ జరిగినవాళ్లలో 84 శాతం నడవగలిగారు. రేడియేషన్ ఒక్కటే జరిగినవాళ్లలో 57 శాతం. నడక నిలిచిన కాలం చూస్తే, మధ్యస్థంగా రెండూ జరిగినవాళ్లకి 122 రోజులు, రేడియేషన్ ఒక్కటే జరిగినవాళ్లకి 13. "నాలుగు నెలల కోసం ఇంత కోతా?" అన్నాడు చిన్నాన్న. ఇరవై ఏళ్లనాటి లెక్క అది, ఇప్పుడు మందులు మారాయి, కొందరు ఏళ్ల తరబడి ఉంటున్నారు, అయినా మాట ఇవ్వలేనన్నారు డాక్టరుగారు. కాళ్లు పూర్తిగా పడిపోయి రెండు రోజులు దాటినవాళ్లని ఆ అధ్యయనంలోకి తీసుకోనేలేదని కూడా చెప్పారు. నాన్న ఒకటే అడిగాడు: "సార్, బాత్రూంకి నా అంతట నేను పోగలనా?" "అందుకే చేస్తున్నాం" అన్నారు. ఇక మేం మాట్లాడటానికేం లేకపోయింది. కాగితం మీద నాన్నే సంతకం పెట్టాడు.

కిడ్నీ గడ్డల్లో రక్తం ఎక్కువ. నేరుగా కోస్తే ఆగదు. అందుకని ముందురోజు తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, గడ్డకి వెళ్లే నాళాల్ని మూసేశారు. దాన్ని ఎంబోలైజేషన్ అంటారు. డబ్బు సంగతి అడిగేవాళ్లకి ఒకటే చెప్తాను. ఎస్టిమేట్ తీసుకునేటప్పుడు ఈ ఎంబోలైజేషన్‌కి, స్క్రూలు రాడ్లకి, రక్తానికి విడివిడిగా రాయించుకోండి. మాకు మొదట ఇచ్చిన కాగితంలో ఎంబోలైజేషన్ ఊసే లేదు, బిల్లులో మాత్రం ఉంది.

గడ్డ మొత్తం తీయరు. వెన్నుపాముకి, గడ్డకి మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు తీసి, కూలిన పూసకి పైనా కిందా ఉన్న పూసల్లో టైటానియం స్క్రూలు వేసి రాడ్లతో బిగిస్తారు. మిగిలినదాని పని తర్వాత రేడియేషన్ చూసుకుంటుంది. ఆ సందు ఎందుకంటే, గడ్డకి గట్టి మోతాదు ఇచ్చేటప్పుడు వెన్నుపాము దెబ్బ తినకూడదు. ఐసీయూలో నాన్న కళ్లు తెరవగానే డాక్టరుగారు దుప్పటి తీసి "బొటనవేళ్లు కదపండి" అన్నారు. రెండూ కదిలాయి. అమ్మ అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

ఆ తర్వాతి రోజుల్లో మమ్మల్ని బాగా అలసగొట్టింది నాన్నని పక్కకి తిప్పడం. మెడ, భుజాలు, నడుము, కాళ్లు దుంగలా ఒకేసారి తిరగాలి, మెలి పడకూడదు. ఒకరు భుజాల దగ్గర, ఒకరు నడుం దగ్గర, ఒకరు మోకాళ్ల దగ్గర బెడ్‌షీటు పట్టుకుని, సిస్టర్ "వన్, టూ, త్రీ" అనగానే లాగాలి. మొదటిసారి నేను "త్రీ"కి ముందే లాగితే ఆమె తిట్టిన తిట్టు ఇంకా గుర్తుంది. వీపు కింద పుండు పడకుండా రెండు గంటలకోసారి ఇదే పని. యూరిన్ గొట్టం తీసేశాక మూత్రం దానంతటదే వచ్చేదాకా ఇంకో దిగులు. నొప్పి మందులకి మలబద్ధకం ఖాయం. విరేచనం మందు మొదటిరోజే అడిగి రాయించుకోండి.

వాకర్‌తో నిలబడ్డాక ఇంటికి పంపారు. రేడియేషన్ వెంటనే ఇవ్వరు, గాయం మానాలి. క్యాన్సర్ మాత్రలు కూడా అందుకే ఆలస్యంగా మొదలుపెట్టారు. ఆ రకం మాత్రలు పుండు మాననివ్వవట. తర్వాత గురి చూసి ఇచ్చే ఎస్‌బీఆర్‌టీ రేడియేషన్ కొన్ని సిట్టింగులే అయింది, అందులో చెప్పుకోదగ్గ కష్టమేం లేదు.

నొప్పికి మార్ఫిన్ రాశారు. మందుల షాపులో దొరకదు. లకడీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగంలో, అంటే నొప్పి, బాధ తగ్గించడం చూసేచోట, ఇచ్చారు. పాలియేటివ్ అంటే ఆశ వదిలేసుకోవడమని చిన్నాన్న గొడవ చేశాడు గానీ, నాన్న రాత్రి కుర్చీలో కాకుండా మంచం మీద నిద్రపోయింది ఆ మందుతోనే.

ఎముకలు గట్టిపడే ఇంజక్షన్ ఒకటి మిగిలింది. అది మొదలుపెట్టాక పన్ను పీకిస్తే దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉందని, ముందే పళ్ల డాక్టరుకి చూపించమన్నారు. నాన్నకి ఊగుతున్న దవడపన్ను ఒకటుంది. అది పీకించి, చిగురు మానాక ఇంజక్షన్ ఇచ్చారు. మీకూ ఇది రాసేటట్టుంటే, ఆపరేషన్ గాయం మానేలోగా పళ్ల పని కూడా చూసుకోవచ్చేమో డాక్టరుగారిని అడగండి.