పోర్ట్ తెరిచే ఉంది

డాలస్‌లో శుక్రవారం రాత్రి 11 అయితే హైదరాబాద్‌లో శనివారం ఉదయం 10:30. చలికాలంలో రెండు ఊళ్ళకీ పదకొండున్నర గంటల తేడా. మా ప్రొడక్షన్ రిలీజ్‌లన్నీ, అంటే వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో చేసే మార్పులన్నీ, ఆ వేళకే పెట్టేవారు. ఇక్కడ డాలస్‌లో వ్యాపారం ఆగి ఉంటుంది, అక్కడ హైదరాబాద్‌లో మనవాళ్ళు అప్పుడే ఆఫీసుకి వచ్చి ఉంటారు.

2018 జనవరిలో అలాంటి ఒక రాత్రి ప్రోగ్రామ్‌ల మధ్య మెసేజ్‌లు చేరవేసే మెసేజింగ్ సర్వర్‌ని వైల్డ్‌ఫ్లై అనే జావా సర్వర్ వెర్షన్ 8 నుంచి 10కి మార్చారు. మా అప్లికేషన్ వేరే మెషీన్‌లో టామ్‌క్యాట్ అనే ఇంకో జావా సర్వర్ మీద నడుస్తూ, ఆ మెసేజింగ్ సర్వర్‌లోని క్యూ (మెసేజ్‌ల వరుస) నుంచి ఆర్డర్లు తీసుకుంటుంది. సర్వర్ లేచింది. మా అప్లికేషన్ మాత్రం కనెక్ట్ అవ్వలేదు.

‘కనెక్ట్ అవ్వట్లేదు’ అన్న మాట కాన్ఫరెన్స్ కాల్‌లో పడగానే అందరి అనుమానం నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్ మీదకే పోయింది. నెట్‌వర్క్ టీమ్‌ని నిద్ర లేపారు. గంటకు పైగా రూల్స్ వెతికారు. నేను ఈలోపు, సర్వర్ పోర్ట్ (నెట్‌వర్క్ ద్వారం) తెరిచి ఉందో లేదో చూపే టెల్‌నెట్ కమాండ్ కొట్టి చూశాను. 8080 పోర్ట్ వెంటనే తెరుచుకుంది. వైల్డ్‌ఫ్లైకి పాత రూపమైన జేబాస్ 7లో రిమోట్ లుకప్‌కి, అంటే వేరే మెషీన్ నుంచి సర్వర్‌లోని ఆబ్జెక్ట్‌ని పేరుతో అడగడానికి, 4447 అని వేరే పోర్ట్ ఉండేది. వైల్డ్‌ఫ్లై 8 నుంచీ అదీ 8080 మీదుగానే వెళ్తుంది. అంటే దారి బాగానే ఉంది.

ఆ సంగతి కాల్‌లో చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. నేను కాంట్రాక్టర్‌ని, హెచ్1బీ వీసా మీద ఉన్నాను. ఉద్యోగం పోతే 60 రోజుల్లోగా ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదంటే దేశం వదలాలి. మాట తప్పైతే ఏమవుతుందో అని ఒక టెన్షన్, నా ఇంగ్లిష్ విని మళ్ళీ చెప్పమంటారేమో అని ఇంకొకటి. మ్యూట్ తీయడం, మళ్ళీ పెట్టడం. పరాయి దేశంలో పని తెలిసినవాడు కూడా ఇలా నోరు కట్టేసుకుంటాడు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

చివరికి ధైర్యం తెచ్చింది మా అప్లికేషన్ రాసుకునే లాగ్. అందరూ పైన ఉన్న నేమింగ్‌ఎక్సెప్షన్ అనే ఎర్రర్ దగ్గరే ఆగిపోయారు. కిందికి దిగితే ‘కాజ్‌డ్ బై’ దగ్గర క్లాస్ (జావా కోడ్ ముక్క) దొరకలేదని చెప్పే క్లాస్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్, దాని పక్కన ఆర్టెమిస్ కనెక్షన్ ఫ్యాక్టరీ, అంటే కనెక్షన్లు తయారుచేసే క్లాస్ పేరు. ఆ పేరు మా కోడ్‌లో ఎక్కడా లేదు. మరి మా లాగ్‌లోకి ఎలా వచ్చింది? సర్వరే పంపింది. మా రిక్వెస్ట్ వెళ్ళి, లుకప్ జరిగి, జవాబుగా ఒక ఆబ్జెక్ట్ తిరిగొస్తే తప్ప ఆ పేరు మాకు తెలిసే వీల్లేదు. వైల్డ్‌ఫ్లై 10లో మెసేజింగ్ నడిపే హార్నెట్‌క్యూ పోయి, దాని చోట ఆర్టెమిస్ వచ్చింది. మా దగ్గరున్న పాత క్లయింట్ జార్‌కి (సర్వర్‌తో మాట్లాడే క్లాస్‌ల కట్టకి) ఆ క్లాస్ తెలియదు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మా ఫోల్డర్‌లో ఉన్న లోపం కోసం నెట్‌వర్క్ అంతా గాలిస్తున్నాం.

మ్యూట్ తీసి ఇదంతా చెప్పాను. ఎవరూ మళ్ళీ చెప్పమనలేదు.

కొత్త సర్వర్ బిన్ ఫోల్డర్ కింద, క్లయింట్ అనే ఫోల్డర్‌లో ఉండే జేబాస్ క్లయింట్ జార్ తెచ్చి మా అప్లికేషన్‌లో పెట్టాం. ఈసారి క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్! ఆర్టెమిస్ ఫ్యాక్టరీని జేఎంఎస్ (జావా మెసేజింగ్ ప్రమాణం) కనెక్షన్ ఫ్యాక్టరీగా మార్చలేనంటుంది. ఆర్టెమిస్‌ది కూడా జేఎంఎస్ ఫ్యాక్టరీయే కదా, కాదనడం ఎలా?

“అన్నా, నా సిస్టమ్‌లో బాగానే వస్తోందే” అన్నాడు హైదరాబాద్ టీమ్‌లో నేను తమ్ముడూ అని పిలిచే కుర్రాడు.

“నువ్వు మామూలు ప్రోగ్రామ్‌లా నడుపుతున్నావు కదా తమ్ముడూ, నీకు క్లాస్‌లన్నీ వాటిని మెమరీలోకి తెచ్చే ఒకే లోడర్ నుంచి వస్తాయి. వెర్బోస్ క్లాస్ ఫ్లాగ్ పెట్టి టామ్‌క్యాట్ లేపు, ఏ క్లాస్ ఎక్కణ్ణుంచి లోడ్ అవుతోందో చూద్దాం.”

వేల లైన్లు వచ్చాయి. కనెక్షన్ ఫ్యాక్టరీ కోసం వెతికితే రెండు దొరికాయి. ఒకటి మా అప్లికేషన్ లిబ్ (జార్‌లు ఉండే ఫోల్డర్) నుంచి, ఇంకోటి టామ్‌క్యాట్ సొంత లిబ్ నుంచి. లుకప్ చేసే మా కామన్ లైబ్రరీని, జేఎంఎస్ జార్‌తో సహా, ఎప్పుడో ఎవరో టామ్‌క్యాట్ లిబ్‌లో పెట్టేశారు. ఆబ్జెక్ట్ తయారైంది అప్లికేషన్ లోడర్‌తో, దాన్ని పోల్చి చూసేది టామ్‌క్యాట్ లోడర్ తెచ్చిన క్లాస్‌తో. జావాకి పేరొక్కటే సరిపోదు, లోడ్ చేసిన లోడర్ కూడా ఒకటే కావాలి. లేకపోతే అవి రెండు వేర్వేరు క్లాస్‌లే.

టామ్‌క్యాట్ లిబ్‌లోంచి ఆ రెండు జార్‌లూ తీసేశాం. కామన్ లైబ్రరీని అప్లికేషన్ లోపలికి మార్చాం. జేఎంఎస్ క్లాస్‌లు కొత్త క్లయింట్ జార్‌లో ఉండనే ఉన్నాయి. రీస్టార్ట్.

రాత్రి రెండున్నరకి క్యూలో పేరుకున్న మెసేజ్‌ల లెక్క తగ్గడం మొదలైంది. కాల్‌లో ఒక్కొక్కరే గుడ్‌నైట్ చెప్పి వెళ్ళిపోయారు. మేమిద్దరమే మిగిలాం.

“అన్నా, ఇక్కడ రెండయింది. నేను భోజనానికి వెళ్ళొస్తా, మీరు పడుకోండి.”

“వెళ్ళిరా. ఆ వెర్బోస్ లాగ్ మాత్రం డిలీట్ చెయ్యకు. సోమవారం అందరికీ చూపిద్దాం. ఈసారి నువ్వే చెబుదువుగాని.”